వాళ్ల భాషలోనూ అది చింతే

రోహింగ్యా శరణార్థుల బస్తీకి వెళ్లిన మొదటి రోజే ఒక తప్పు చేశాను.

“అక్కడ ఏం జరిగింది ఖాలా?” అని ఒక పెద్దావిడను అడిగాను. ఖాలా అంటే పిన్ని. ఆమె ఏమీ అనలేదు. లేచి వెళ్లి బిందె పక్కన కూర్చుని, అప్పటికే కడిగి బోర్లించిన గిన్నెలను మళ్లీ కడగడం మొదలుపెట్టింది. ఒక్కో గిన్నె, ఒక్కో గ్లాసు, మూత కూడా. నీళ్ల ట్యాంకర్ కోసం పొద్దున్నే కొట్టుకునే బస్తీలో ఒక మనిషి కడిగిన గిన్నెలు మళ్లీ కడుగుతోందంటే నా ప్రశ్న ఎక్కడ తగిలిందో నాకు వెంటనే తెలియాలి. తెలియలేదు. ఇంకోసారి అడిగాను.

నాతో వచ్చిన రోహింగ్యా అమ్మాయి నా మోచేయి పట్టుకుని బయటికి తీసుకొచ్చింది. “దీదీ, ఆ మాట అడిగితే ఆమెకు ఈ రాత్రి నిద్రుండదు. శరణార్థి కార్డు ఇచ్చేటప్పుడు అడిగారు. పేపర్‌వాళ్లు వచ్చి అడిగారు. దుప్పట్లు పంచినవాళ్లూ అడిగారు. ఇప్పుడు మీరూ” అంది. ఆ పిల్లకు అప్పటికి ఇరవై రెండేళ్లు. ఆ రోజు నాకు నేర్పింది ఆ పిల్లే.

ఇది 2019 నాటి మాట. మాది శ్రీకాకుళం జిల్లా, పెళ్లయ్యాక హైదరాబాద్ మీర్‌పేటలో స్థిరపడ్డాం. పదకొండేళ్లు ఒక ప్రైవేటు స్కూల్లో తెలుగు, సోషల్ చెప్పాను. అది మానేశాక తెలిసినవాళ్ల ద్వారా, శరణార్థులకు మానసిక సాయం చేసే ఒక స్వచ్ఛంద సంస్థలో చేరాను. హిందీ బాగా వచ్చు, బాలాపూర్ మా ఇంటికి దగ్గర. నన్ను తీసుకోవడానికి ఈ రెండే కారణాలు. సైకాలజీ పుస్తకం ఒక్కటీ చదివినదాన్ని కాదు. ఈ పనికి నాలాంటివాళ్లు సరిపోతారని మొదట్లో నేనే నమ్మలేదు. ఇప్పుడు గట్టిగా నమ్ముతున్నాను, అందుకే ఇదంతా రాస్తున్నాను. మనుషులను గుర్తుపట్టకుండా ఉండేందుకు కొన్ని వివరాలు మార్చాను.

తెలియనివాళ్ల కోసం కొంచెం చెబుతాను. రోహింగ్యాలది బర్మాలోని అరకాన్, ఇప్పుడు రఖైన్ రాష్ట్రం అంటున్నారు. 1982లో వచ్చిన పౌరసత్వ చట్టంతో పుట్టిన ఊళ్లోనే పరాయివాళ్లయిపోయారు. 2012లో అల్లర్లు, 2017 ఆగస్టులో సైన్యం దాడులు. ఆ రెండోసారి కొన్ని నెలల్లోనే ఏడు లక్షల మందికి పైగా బంగ్లాదేశ్‌కు పారిపోయారు. కొన్ని వేల మంది ఏళ్ల తరబడి ఒక్కొక్కరుగా, కుటుంబాలుగా హైదరాబాద్ చేరారు. బాలాపూర్, షాహీన్‌నగర్ చుట్టుపక్కల ఎవరివో ఖాళీ ప్లాట్లు అద్దెకు తీసుకుని, వెదురు కర్రలు పాతి, పైన టార్పాలిన్ కప్పుకుని ఉంటున్నారు. మగవాళ్లు కూలికి వెళతారు, పాత సామాను ఏరుకొచ్చి అమ్ముతారు. శరణార్థుల ఒప్పందం మీద మన దేశం సంతకం చేయలేదు. కాబట్టి వాళ్ల చేతిలో ఉన్నదల్లా ఐక్యరాజ్యసమితి శరణార్థుల సంస్థ ఇచ్చిన కార్డే. ఆ కార్డుకీ గడువు ఉంటుంది. గడువు దగ్గరపడుతోందంటే ఇంట్లో ఎవరికీ ముద్ద దిగదు.

మా శిక్షణ తొమ్మిది రోజులు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2016లో ప్రచురించిన ఒక పద్ధతి ఉంది, ప్రాబ్లమ్ మేనేజ్‌మెంట్ ప్లస్ అంటారు. డాక్టర్లు కానివాళ్లు కూడా నేర్చుకుని చేయడానికే దాన్ని తయారుచేశారు. వారానికి ఒకసారి చొప్పున ఐదుసార్లు కూర్చోవాలి, ప్రతిసారీ గంటన్నర. శ్వాసతో టెన్షన్ తగ్గించుకోవడం, సమస్యను ముక్కలు చేసి ఒకటి పట్టుకోవడం, మానేసిన పనులను మెల్లగా మళ్లీ మొదలుపెట్టడం, మనుషులతో తెగిన దారాలు ముడేసుకోవడం. చెప్పుకోవడానికి ఇంతే.

శిక్షణ ఇచ్చిన మేడమ్ మొదటి రోజు బోర్డు మీద ఒక త్రిభుజం గీసి నాలుగు అంతస్తులు చేశారు. పైన చిన్న ముక్క డాక్టర్లది. దాని కింద మాది. దానికింద కుటుంబం, ఇరుగుపొరుగు, మసీదు, బడి. అన్నిటికన్నా అడుగున, అన్నిటికన్నా వెడల్పుగా నీళ్లు, తిండి, మరుగుదొడ్డి, భయం లేకుండా పడుకునే చోటు. 2007లో ఐక్యరాజ్యసమితి సంస్థలు, స్వచ్ఛంద సంస్థలు కలిసి రాసుకున్న మార్గదర్శకాల్లోనిది ఆ బొమ్మ. అప్పటిదాకా నాకు మానసిక సాయమంటే ఆ పై ముక్కే. యుద్ధం, హింస నడిచిన చోట్ల వందలో 22 మందికి ఏదో ఒక మానసిక సమస్య ఉంటుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా వేసింది. మిగతా 78 మంది హాయిగా నిద్రపోతున్నారని కాదు కదా. వాళ్లకు మందులక్కర్లేదు, కింది అంతస్తులు కావాలి. అక్కడ నీళ్లు లేకపోతే మేం ఎంత నేర్పినా నిలబడదు.

మళ్లీ ఖాలా దగ్గరికి వస్తాను. ఆమెకు అరవై ఉంటాయి. ఒక కొడుకు అక్కడే పోయాడు. ఇంకో కొడుకు, కోడలు, ముగ్గురు పిల్లలతో ఇక్కడ ఉంటోంది. రెండోసారి వెళ్లినప్పుడు ఏమీ అడగకుండా కూర్చున్నాను. టీ ఇచ్చింది, తాగాను. “రాత్రి నిద్ర పడుతోందా?” అని మాత్రం అడిగాను. అలా అడగమని మా సూపర్‌వైజర్ చెప్పారు. నిద్ర గురించి, ఆకలి గురించి, ఒంటినొప్పుల గురించి ఎవరైనా చెబుతారు, అందులో నామోషీ లేదు.

ఖాలా తన భాషలో ఏదో చెప్పింది. అమ్మాయి హిందీలోకి మార్చేలోపే నాకు రెండు మాటలు అందాయి. ఒకటి “సింతా”, ఇంకోటి “అశాంతి”.

“ఏమన్నారు?” అని అడిగాను. “సింతా లాగేర్ అంటోంది, అంటే మనసులో...” అని ఆ పిల్ల వెతుక్కుంటోంది.

“నువ్వు చెప్పక్కర్లేదమ్మా. మాక్కూడా అది చింతే” అన్నాను.

ఖాలా నా ముఖంలోకి చూసింది. “సింతా?” అంది. “చింత” అన్నాను. “అశాంతి?” అంది. “అశాంతే” అన్నాను. మొదటిసారి నవ్వింది. మా దగ్గరున్న ప్రశ్నల కాగితం మీద డిప్రెషన్ అనే మాటకు ఉర్దూలో ఏదో రాసి ఉంది, ఆ బస్తీలో అది ఎవరికీ అర్థమయ్యేది కాదు. ఆ రోజు నుంచి నేను ఆ కాగితం పక్కనపెట్టి చింత ఎంతుంది, అశాంతి ఎంతుంది అని అడగడం మొదలుపెట్టాను. వేళ్లతో చూపించమనేదాన్ని. ఖాలా రెండు చేతులూ ఎత్తి పది వేళ్లూ చూపించింది.

రెండో సెషన్‌లో సమస్యలను మూడు కుప్పలు చేయాలి. మన చేతిలో ఉన్నవి, మన చేతిలో లేనివి, అంత ముఖ్యం కానివి. రాయడం, చదవడం రాదు కాబట్టి గులకరాళ్లు తెచ్చాను. పోయిన కొడుకు పేరు చెప్పి ఒక రాయిని దూరంగా పెట్టింది. కార్డు రాయిని చాలాసేపు చేతిలోనే ఉంచుకుంది, ఎక్కడ పెట్టాలో తెలియక. ఆధార్ లేదని పెద్ద మనవడిని బడిలో చేర్చుకోలేదు, ఆ రాయి కూడా అంతే. చివరికి తన చేతిలో ఉన్న కుప్పలోకి ఒకటే రాయి వచ్చింది, నీళ్లు. ట్యాంకర్ దగ్గర తోపులాటలో పడి ఆమె చెయ్యి బెణికింది. అప్పటి నుంచి గుడిసె దాటి బయటికి రావడమే మానేసింది.

ఆ ట్యాంకర్ దగ్గర ఖాలాను తోసిన మనిషి పక్క గల్లీలో ఉంటుంది. మన తెలుగావిడే. నల్లగొండ వైపు నుంచి వచ్చి అద్దె రేకుల ఇంట్లో మిషన్ కుట్టుకుంటూ ఇద్దరు ఆడపిల్లలను సాకుతోంది. భర్త తాగుడికి పోయాడు. నేను ఆమె ఇంటికి వెళ్లాను, మందలిద్దామనే వెళ్లాను. ఆమె నన్ను గడప దగ్గరే నిలబెట్టింది.

“మాకెవరొస్తరు మేడమ్? వాళ్లకే బియ్యం, వాళ్లకే దుప్పట్లు, వాళ్లతోనే కూసుని మాట్లాడ్తరు. వాళ్లొచ్చినంక గీడ అద్దె పెరిగింది, నీళ్లు సగమైనయి. నా దిక్కు ఒక్కరన్న చూసిండ్రా?”

నా దగ్గర జవాబు లేదు. ఆమె చెప్పిన ప్రతి మాటా నిజం. లోపలికి చూస్తే మిషన్ పక్కన నిద్రమాత్రల షీటు కనిపించింది. ఎవరు ఇచ్చారంటే మెడికల్ షాపులో అడిగి కొనుక్కున్నానంది. ఖాలా పది వేళ్లు చూపిస్తే ఈమెకూ పదే ఉంటాయి.

ఆఫీసుకు వెళ్లి చెప్పాను, పక్క గల్లీ ఆడవాళ్లతోనూ కూర్చుంటానని. మా ప్రాజెక్టు ఫారంలో శరణార్థి కార్డు నంబరు రాసే గడి ఉంది, అది నింపకపోతే సెషన్ లెక్కలోకి రాదన్నారు. మూడు నెలలు వాదించాను. నాకు ఇప్పటికీ కోపమే. పక్కపక్క గోడల మధ్య ఒకవైపు మనుషులను మాత్రం ఓదారుస్తామంటే, రెండోవైపు మనుషులను వాళ్ల మీదికి మనమే ఉసిగొల్పినట్టు. మా త్రిభుజంలో కింది నుంచి రెండో అంతస్తు ఇరుగుపొరుగు అని రాసుకుని, ఆ ఇరుగుపొరుగునే వదిలేశాం. చివరికి మా సూపర్‌వైజర్ తన బాధ్యత మీద ఒప్పుకున్నారు, కానీ అప్పటికే 2020 మార్చి వచ్చేసింది, లాక్‌డౌన్.

ఫోన్లో కూర్చోవడం ఎలా ఉంటుందో ఒక్క మాటలో చెబుతాను. ఇంటికి ఒకటే ఫోను, అదీ కొడుకు దగ్గర. ఎవరైనా లోపలికొస్తే ఖాలా “చావల్ కిత్నా?” అనేది, బియ్యం ధర. నేను ధర చెప్పేదాన్ని. వాళ్లు వెళ్లాక మళ్లీ ఊపిరి దగ్గరికి వచ్చేవాళ్లం. కడుపు మీద చెయ్యి పెట్టుకుని, ముక్కుతో నెమ్మదిగా తీసుకుని, నోటితో ఇంకా నెమ్మదిగా వదలడం. అవతల ఆమె ఊపిరి వినపడేది.

ఆ నెలల్లో నాకే నిద్ర పట్టడం మానేసింది. వారం వారం మాకు సూపర్‌విజన్ ఉంటుంది, విన్నదాని బరువు మేమూ ఎక్కడో దించుకోవాలి కదా. అలాంటి ఒక రోజున మా నాయనమ్మ మాట బయటికొచ్చింది.

మా నాయనమ్మ రంగంలో పెరిగింది. రంగం అంటే రంగూన్. హైదరాబాద్‌లో ఈ మాట అంటే బోనాల్లో భవిష్యవాణి అనుకుంటారు, మా వైపు మాత్రం “రంగం పోయారు” అంటే ఓడెక్కి బర్మా వెళ్లారనే. మా వైపు నుంచి వేలమంది అక్కడి రేవుల్లో, బియ్యం మిల్లుల్లో పనికి పోయారు. 1941 డిసెంబర్‌లో జపాన్ బాంబులు పడ్డాక లక్షల మంది కాలినడకన బయల్దేరారు. కలరాతో, ఆకలితో దారిలోనే వేలమంది పోయారు. అందులో మా నాయనమ్మ తమ్ముడు ఒకడు. ఆ సంగతి ఆమె ఎప్పుడూ చెప్పలేదు, మా పెదనాన్న చెప్పాడు. ఆమె చేసేదల్లా రాత్రి పడుకునే ముందు చీర కొంగున గుప్పెడు బియ్యం ముడేసుకోవడం, తలుపు గడియ మూడుసార్లు చూసుకోవడం. మేం పిల్లలం నవ్వేవాళ్లం. “పిట్టలకా మామ్మా?” అని ఏడిపించేవాళ్లం. అది పారిపోవడానికి సిద్ధంగా ఉండటం అని, నలభై ఏళ్లు దాటినా ఒంట్లోంచి పోని భయమని, ఆ శిక్షణ గదిలో కూర్చున్నప్పుడుగానీ నాకు తట్టలేదు. ఇది సూపర్‌వైజర్‌కు చెబుతుంటే ఏడుపు ఆగలేదు. ఆమె ఆపమనలేదు.

తర్వాత ఖాలాతో మాటల్లో మా మామ్మ అరకాన్ కొండలు దాటి, అక్యాబులో పడవెక్కి, చిట్టగాంగ్ చేరిందని చెప్పాను. అక్యాబు అనగానే ఆమె ఆగిపోయింది. ఆ ఊరికి ఇప్పుడు సిట్వే అని పేరు. మ్యాపులోనూ అదే ఉంటుంది. అక్యాబు అనే మాట నేను మా ఇంట్లో తప్ప ఇంకెక్కడా వినలేదు. ఖాలావాళ్లు ఇంకా అక్యాబనే అంటారు.

“నీ దాదీ మా ఊళ్ల మీదుగానే నడిచింది బేటీ” అంది. కాసేపాగి, “ఎవరైనా నీళ్లిచ్చారా?” అని అడిగింది.

నాకు తెలియదన్నాను. 

2020 అక్టోబర్‌లో వానలు పడ్డాయి కదా, గుర్రం చెరువు కట్ట తెగిన ఆ రోజులు. హాఫిజ్‌బాబానగర్ వైపు ఇళ్లలోకి నడుము లోతు నీళ్లొచ్చాయి. మేం పనిచేసే బస్తీ పల్లంలో ఉంది, గుడిసెలూ మునిగాయి, రేకుల ఇళ్లూ మునిగాయి. అందరినీ ఒకే బడిలోకి తెచ్చారు. మర్నాడు నేను వెళ్లేసరికి ఖాలా ఒక మూల కూర్చుని ఉంది, ఒళ్లో పాలిథిన్ కవరు. అందులో ఇంటిల్లిపాది శరణార్థి కార్డులు. నాలుగడుగుల అవతల మిషన్ కుట్టే ఆమె ఒళ్లోనూ పాలిథిన్ కవరు, ఆధార్ కార్డులు, రేషన్ కార్డు.

నీళ్లు తీశాక ఆమె మిషన్ బురదలోంచి బయటికి తెచ్చారు. చక్రం తిరగడం లేదు. ఖాలా ఎక్కడిదో పాత టూత్‌బ్రష్ పట్టుకొచ్చి, ఆమె పక్కన కూర్చుని, సూది కింద పళ్ల మధ్య ఇరుక్కున్న బురద తీయడం మొదలుపెట్టింది. ఆమె కిరోసిన్ పోస్తుంటే ఈమె రుద్దుతోంది. ఒకరి భాష ఒకరికి రాదు, అరగంటసేపు ఇద్దరూ మాట్లాడుకోలేదు. ట్యాంకర్ దగ్గర తోసినందుకు ఆమె ఎప్పుడూ క్షమాపణ చెప్పలేదు. ఖాలా అడగలేదు కూడా.

ఆ తర్వాత కలిపి కూర్చోబెట్టడానికి నేను ఎవరినీ అడగాల్సిన పని లేకపోయింది. పన్నెండు మంది, ఏడుగురు వాళ్లు, ఐదుగురు మనవాళ్లు. మొదటి రెండు వారాలు మేం బాధల గురించి మాట్లాడనే లేదు, ట్యాంకర్ గురించే మాట్లాడుకున్నాం. గల్లీకి ఇన్ని బిందెలని, ముసలివాళ్లకు ముందని వాళ్లే వరస పెట్టుకున్నారు. మిషన్ ఆమె సుద్దముక్కతో గోడ మీద నంబర్లు రాసేది. మూడో వారం ఒకామె తనంతట తనే నిద్రలో కేకలు వేస్తున్నానని చెప్పింది. నేను అడగలేదు.

అన్నీ ఇలా కుదిరాయని అనుకోవద్దు. మగవాళ్ల గుంపు రెండు వారాలకే చెదిరిపోయింది. కూలి పోగొట్టుకుని ఎవరొస్తారు? ఒక కుర్రాడికి చెవుల్లో మాటలు వినిపించేవి, అది మా చేతిలోది కాదు. ఇంట్లోవాళ్లు కట్టించిన తావీజు తీయమని చెప్పకుండానే ఎర్రగడ్డ మానసిక వైద్యశాలకు తీసుకెళ్లాం, మందులతో చాలా తేరుకున్నాడు. 2021 మార్చిలో జమ్మూలో వంద మందికి పైగా రోహింగ్యాలను పట్టుకుని హీరానగర్ నిర్బంధ కేంద్రంలో ఉంచారన్న వార్త వచ్చాక, మా గుంపులో సగం మంది రావడం మానేశారు. ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు, పద్ధతి ప్రకారం తప్ప వాళ్లను వెనక్కి పంపకూడదంది, విడుదలకు మాత్రం ఒప్పుకోలేదు. ఆ వారం ఖాలా మళ్లీ పది వేళ్లు చూపించింది. ఊపిరి తీసుకోమని చెప్పడానికి నాకు నోరు రాలేదు. “ఈ భయం నీ మనసు బలహీనమై వచ్చింది కాదు ఖాలా, ఇది నిజమైన భయం. నేను దీన్ని తీయలేను. నీతో కూర్చుంటాను” అన్నాను. అప్పుడూ ఇప్పుడూ నా అభిప్రాయం ఒకటే: చేతిలో నమ్మకమైన కాగితం లేని మనిషికి మేం నేర్పేవి రాత్రి గడపడానికి పనికొస్తాయిగానీ కాగితానికి బదులు కావు.

మిషన్ ఆమె నిద్రమాత్రలు మానడానికి డాక్టరు సలహాతో ఐదు నెలలు పట్టింది. 2022 చివర్లో ప్రభుత్వం ఫోన్లో మానసిక సాయం చేసే టెలీమానస్ మొదలుపెట్టాక ఆ 14416 నంబరు తన గల్లీలో పది ఇళ్లకు తనే చెప్పింది, తెలుగులో మాట్లాడతారని మరీ మరీ చెప్పి. ఖాలా పెయింటు డబ్బాలో ఆనప గింజలు నాటింది. వాళ్ల ఊళ్లో గుడిసె మీదికి ఆనపతీగ పాకించేదట, ఇక్కడికొచ్చాక చేయలేదు. మానేసిన పనుల్లో ఒకటి మళ్లీ మొదలుపెట్టమని మూడో సెషన్‌లో అడిగితే ఆమె ఎంచుకున్నది అది. తీగ టార్పాలిన్ మీదికెక్కి అవతలి రేకుల మీదికీ పోయింది.

ఖాలాతో ఐదో సెషన్ గుంపులోనే జరిగింది. ఆ రోజు చివర్లో మేం ఒక కథ చెప్పి అడుగుతాం. “మీలాగే ఒకామె కొత్తగా వచ్చింది. నిద్ర లేదు, తిండి సయించడం లేదు, ఎవరితోనూ మాట్లాడదు. మీ దగ్గరికొస్తే ఏం చేస్తారు?” అని. నేర్పింది ఎంత పట్టుకున్నారో తెలుసుకోవడానికి.

ఒకరు ఊపిరి నేర్పిస్తామన్నారు. ఒకరు రాళ్లు తెస్తామన్నారు. మిషన్ ఆమె “నా పక్కన కూసోబెట్టుకుంట” అంది. ఖాలా వంతు వచ్చింది. ఆమె హిందీలోనే, మెల్లగా, మాటలు ఏరుకుంటూ చెప్పింది.

“ముందు నీళ్లు పట్టుకున్నావా అని అడుగుతాను. పట్టుకోకపోతే నా బిందె ఇస్తాను. అక్కడేం జరిగింది అని అడగను.”

నా వైపు చూసి నవ్వింది. నేను కూడా నవ్వాను.